వెలుగు తగ్గిన పద్దు

ఫిబ్రవరిలో ఒక సోమవారం సాయంత్రం
వజ్రపుకొత్తూరు సబ్‌స్టేషన్‌కి
హైస్కూలు సైన్సు మేడమ్ వచ్చి
"బడి వీధి దీపాలు నాలుగు గంటలు ఆపగలరా?" అంది.

ఇరవయ్యారేళ్ళ సర్వీసులో
దీపం వెయ్యమని వచ్చినవాళ్ళే అందరూ.
తిడుతూ వచ్చారు, దణ్ణం పెడుతూ వచ్చారు,
తిత్లీ తుఫాను తర్వాత ఖాళీ బిందెలతో
రోడ్డుకడ్డంగా కూర్చున్నారు.
ఆపమని అడిగిన మొదటి మనిషి
బమ్మిడి ఢిల్లీశ్వరి.

"ఏటి చూస్తారు మేడమ్?"
"ఒక చుక్క ముందునుంచి దాని గ్రహం వెళ్తుంది."
"కనపడతాదా?"
"కనపడదు."

కనపడనిదాని కోసం
కనపడే దీపాలు ఆపడం ఏటో తెలీక
ఫ్యూజు పీకి జేబులో వేసుకుని
నేనూ బడి మేడెక్కాను.

ఎర్రకాగితం చుట్టిన టార్చి.
నా మోచెయ్యంత దుర్భిణి, దానికో కెమెరా.
దుప్పటి కప్పుకున్న తొమ్మిదో తరగతి గుంటలు ఇద్దరు.
జీడిపూత వాసన. చీకట్లో సముద్రం ఎక్కడో
గోనెలు ఈడుస్తున్నట్టు.

ఆ చుక్కకి పేరు లేదు, నంబరుంది,
మన మీటర్లకున్నట్టే.
ఆ వెలుగు అక్కడ బయల్దేరిన నాటికి
పలాసకి రైలు లేదు,
భూమ్మీద ఎక్కడా కరెంటు స్తంభం లేదు.

గ్రహం అడ్డొస్తే
నూటికి రెండుపాళ్ళు వెలుగు తగ్గుతుందట.
అంతే. దాని ఫోటో ఎవరి దగ్గరా లేదు.
ఆ తగ్గుదలే దాని చిరునామా.

ఇది నాకు తెలిసిన విద్యే.
రాత్రి మా ఇంట్లో బల్బు ఒక్క కునుకు తీస్తే
పూండి రైసుమిల్లు మోటారు తిరిగిందంటాను.
ఎంత కునికిందో చూసి
ఎన్ని గుర్రాల మోటారో చెప్తాను.
ఎంతసేపటికోసారి కునుకుతోందో చూసి
వేసేది పెద్దోడో వాడి తమ్ముడో కూడా చెప్తాను.
ఆ మిల్లు గడప నేనెప్పుడూ తొక్కలేదు.

పక్కనున్న రెండు చుక్కల్ని కూడా కొలుస్తోంది మేడమ్.
మూడూ మసకైతే మబ్బు.
ఇదొక్కటే మసకైతే గ్రహం.
వీధంతా మసకైతే ట్రాన్స్‌ఫార్మరు,
ఒక్కిల్లే మసకైతే ఆ ఇంటి వైరు, అన్నాను నేను.
ఆవిడ చీకట్లోనే నావైపు తిరిగింది.

ఇంకో పద్ధతీ ఉందట:
గ్రహం లాగుతుంటే చుక్క ఊగుతుందట, లేశమంత.
ఒరిగిన స్తంభాన్ని చూసి
తీగ ఎటు బిగిసిందో చెప్పడం
నాకెవరు నేర్పారు?

పదకొండూ నలభైరెండు.
తెరమీద చుక్కలు ఒక్కొక్కటీ కిందికి దిగడం మొదలెట్టాయి,
రేవు మెట్లు దిగుతున్నట్టు.

సగంలో సముద్రం మీంచి మబ్బొకటి వొచ్చీసింది.
మూడూ పడిపోయాయి. "పోయింది మేడమ్!" అంది చిన్న గుంట.
ఎవరూ మాట్లాడలేదు.
జీడిబట్టీ కాపలాదారు ఫోను:
"ఏటి బాబూ, లైటు పోనాదా?"
ఉండు, అన్నాను. అడ్డు ఉంది. దానంతటదే పోతాది.

పోయింది. పక్కవి రెండూ పైకి లేచాయి.
ఇదొక్కటీ అడుగునే ఉంది,
గంట దాటి ఉంది,
మనకి తెలీని ఊరేదో తన పనిమీద తాను
దీపం ముందునుంచి నడుచుకుపోతున్నంతసేపు.
రెండురోజులకో ఏడాదట అక్కడ.

వేకువన ఫ్యూజు పెట్టి,
అలవాటు చొప్పున లాగ్‌బుక్కు తెరిచాను.

సమయం: రాత్రి 11.42 నుంచి 1.56.
అంతరాయం: నూటికి రెండుపాళ్ళు.
కారణం: గ్రహం.
మరమ్మతు: అక్కర్లేకపోయింది.
దుంపల జోగారావు, లైన్‌మేన్.

ఏఈ గారు "కారణం" చుట్టూ ఎర్రసున్నా చుట్టి
వివరంగా రాసివ్వమన్నారు.

రాసిచ్చాను సార్. ఇదే.